రెండు మెట్లు పైన

ఆ ఆదివారానికి ప్రిన్సిపాల్ జానకిరామ్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి విశ్వవిద్యాలయం నుంచి కమిటీ వస్తుంది. ముగ్గురు విద్యార్థులు కలిసి ఒక కీర్తన పాడతారు. అది ఎనిమిది నిమిషాలు. తరువాత ఆయన మాట్లాడతారు. అది ఇరవై నిమిషాలు. ఆపైన పెసరట్టు, ఉప్మా, కాఫీ, సంతకాలు. పన్నెండింటికల్లా కమిటీని రైలెక్కించి, ఇంటికెళ్ళి భోంచేసి, ఒక కునుకు తీయాలి. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు గాని, ఆ రోజు వ్యవహారం దైవం దాకా వెళ్ళలేదు. కరెంటు ఆఫీసు దగ్గరే ఆగిపోయింది.

బెజవాడ గాంధీనగరంలో, ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడమీద ఉండేది ఆ సంగీత కళాశాల. పేరెందుకు లెండి. రెండువేల ఒకటో సంవత్సరం మాట. దానికి రెండేళ్ళ ముందు విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్త పద్ధతి ఒకటి పంపించారు. దాన్ని ఇంగ్లీషులో బ్లెండెడ్ లెర్నింగ్ అన్నారు, తెలుగులో మిశ్రమ బోధన అన్నారు. వారంలో ఆరు రోజులు విద్యార్థి ఇంట్లోనే కూర్చుని, టేపు రికార్డర్లో కేసెట్టు పెట్టుకుని నేర్చుకుంటాడు. ఆదివారం కాలేజీకొచ్చి గురువు దగ్గర దిద్దించుకుంటాడు. రెండేళ్ళకు డిప్లొమా. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళు కూడా పై చదువు చదువుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది.

వినడానికి బాగాలేదన్న మనిషి ఒక్కరే, గాత్రం చెప్పే సుబ్బరత్నం గారు. ఆవిడకి ఏభై ఏడేళ్ళు. గొంతు గంభీరం, మాట పెళుసు.

"ఆవకాయ పార్సిలు కట్టి పంపినట్టు సంగీతం పంపుతారుటండీ? రేపు నా బదులు ఆ డబ్బానే కుర్చీలో కూర్చోబెట్టి జీతం ఇవ్వండి," అన్నారు ఆవిడ మొదటి మీటింగులోనే.

అన్నారు గాని, ఉద్యోగం ఉద్యోగమే కదా. ఆఫీసు గదిలో తలుపులు మూసుకుని, విశ్వవిద్యాలయం పంపిన రికార్డింగు మిషను ముందు కూర్చుని, ఇరవై నాలుగు కేసెట్లు పాడి ఇచ్చారు. ఒక్కటి కూడా తిరిగి వినలేదు. తన పాట తాను డబ్బాలో వినే ఖర్మ తనకు పట్టలేదన్నారు. వినే పని జానకిరామ్ గారు చేశారు. ప్రతి కేసెట్టూ అదే మిషనులో వేసి, భేషుగ్గా ఉందని రాసి, పిల్లలకి పంచారు. ఇంకో మిషనులో వేసి చూడాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. ఎవరికి మాత్రం వస్తుంది?

రెండేళ్ళు గడిచాయి. ఇరవై మంది చేరితే ముగ్గురు మిగిలారు. మంగళగిరిలో నేతపని చేసే ఇంటి పిల్ల హేమ. మైలవరం సహకార సంఘంలో గుమాస్తా భానుచందర్. కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున చేపల వ్యాపారం చేసుకునే ఇంటి నుంచి నాగవేణి. కమిటీ వచ్చి, విని, బాగుందని సంతకం పెడితే ఈ ముగ్గురికీ డిప్లొమాలు వస్తాయి. పెట్టకపోతే కోర్సూ లేదు, కాగితమూ లేదు.

ముగ్గురిలో నాగవేణికి ప్రాణమంతా ఆ కాగితం మీదే ఉంది. గురువారం బందరు దగ్గర ఒక ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు పోస్టుకి ఇంటర్వ్యూ. డిప్లొమా చేతిలో లేనివాళ్ళు రానక్కర్లేదని ఉత్తరంలో గీత గీసి మరీ రాశారు. వయసు హద్దు ప్రకారం ఆమెకి అదే ఆఖరి ఇంటర్వ్యూ. తెల్లవారుజామునే తల్లి రత్తమ్మతో కలిసి చేపలు తూచి, గంపలు ఆటో ఎక్కించి, అప్పుడు కేసెట్టు పెట్టుకుని కూర్చునేది. వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? "గంప మోసే మెడకి గమకాలేంటే?" అనేవారు. ఆమె సౌండు పెంచేది.

కమిటీ వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి జానకిరామ్ గారికి నిద్ర పట్టలేదు. చివరి ఆరు ఆదివారాలూ పాఠాలు ఆపించేశారు. ఆ ఆరు ఆదివారాలూ విద్యార్థులు నేలమీద బోర్లా పడుకుని, స్కెచ్ పెన్నులతో చార్టులు గీశారు. 'మిశ్రమ బోధన: విద్యార్థి సాధన' అని పైన రాసి, కింద మెట్లు మెట్లుగా రంగులు నింపారు. సాధన చేయవలసిన పిల్లలు సాధన బొమ్మ గీస్తూ కూర్చున్నారన్నమాట. అందువల్ల కమిటీ ముందు పాడవలసిన ఆనందభైరవి కీర్తన సుబ్బరత్నం గారు దిద్దనే లేదు. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి కేసెట్టులో వాళ్ళు నేర్చుకున్నదే.

"ఒక్కసారైనా ముగ్గుర్నీ కలిపి పాడించనివ్వండి," అన్నారు సుబ్బరత్నం గారు శనివారం ఫోన్లో.

"మీ కేసెట్టే కదండీ! ముగ్గురూ మీలాగే పాడతారు. మీరు కంగారు పడకండి," అన్నారు జానకిరామ్ గారు.

ఆదివారం పదికి పది నిమిషాలుండగా కమిటీ మెట్లెక్కి వచ్చింది. కమిటీ అంటే ఇద్దరే. ఒకరు అధ్యక్షులు, ఆచార్య అంకమ్మరావు గారు. విద్యాశాస్త్రం మీద చాలా పుస్తకాలు చదివినవారు, సంగీతం మీద ఒక్కటీ చదవనివారు. రెండోవారు వయొలిన్ విద్వాంసుడు వెంకటప్పయ్య గారు. డెబ్భై దాటాయి. అపస్వరం వింటే పన్ను సలిపినట్టు మొహం పెట్టే మనిషి.

పదికి అయిదు నిమిషాలుండగా కరెంటు పోయింది. ఫాన్లు ఆగాయి. బల్లమీద గుయ్యిమంటున్న శ్రుతి బాక్సు గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"పర్లేదు, తంబురా ఉందిగా," అన్నారు వెంకటప్పయ్య గారు.

ఉంది. వేదిక మీద నిలబెట్టి ఉంది. దానికి కిందనుంచి పైదాకా తీగలతో కలిపి చామంతి దండలు చుట్టబెట్టారు జానకిరామ్ గారు. ఫోటోలో అందంగా పడాలని.

"ఆ దండలు తీసెయ్యండి," అన్నారు సుబ్బరత్నం గారు.

"ఫోటోగ్రాఫరు ఇంకా రాలేదండీ. అయినా ఇంతదాకా వచ్చిన పిల్లలు, వాళ్ళకి శ్రుతి గొంతులోనే ఉంటుంది."

"గొంతులో ఉండేది గుటకండీ, శ్రుతి కాదు."

"ప్రారంభించండమ్మా, రైలుంది మాకు," అన్నారు అంకమ్మరావు గారు గడియారం చూసుకుంటూ.

ప్రారంభించారు. పల్లవి దగ్గరే ముగ్గురూ మూడు దారులు పట్టారు. హేమ ఎక్కడో పైన, సన్నగా, చకచకా వెళ్ళిపోతోంది. భానుచందర్ కింద ఎక్కడో నింపాదిగా నడుస్తున్నాడు. నాగవేణి నడిమధ్యన మొదలుపెట్టింది. ఇంకెవరైనా అయితే ఒకరినొకరు చూసుకుని సర్దుకునేవారు. కాని సుబ్బరత్నం గారి శిష్యులకి ఒక గుణం ఉంది. అమ్మగారు పాడినట్టే పాడతారు, పక్కవాడు ఏమైపోయినా మార్చరు. మిగతా ఇద్దరూ తప్పు పాడుతున్నారని ముగ్గురికీ నమ్మకం. అందుకని ముగ్గురూ గొంతు పెంచారు. తొడల మీద తాళాలు చెళ్ళుచెళ్ళున పడ్డాయి, ఒక్కటీ ఇంకోదానితో కలవకుండా.

హేమ ఏడు నిమిషాలకే ముగించి, చేతులు కట్టుకుని కూర్చుంది. భానుచందర్ తొమ్మిదికి దిగాడు. నాగవేణి మాత్రం చరణంలోకి వచ్చేసరికి ఇంకా నెమ్మదించి, ఇంకా కిందికి జారి, పదకొండో నిమిషంలో ఒక్కతే ఒడ్డుకు చేరింది. అప్పటికి వెంకటప్పయ్య గారు కండువా చెంగులు రెండూ చెవుల్లో కుక్కుకుని కళ్ళు మూసుకున్నారు.

జానకిరామ్ గారికి చెమటలు పోశాయి. కాని ఆయన పదేళ్ళుగా ప్రిన్సిపాల్ పని చేస్తున్నవారు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"చూశారు కదండీ. ఇది కావాలనే చేశాం. తరగతి గదిలో అయితే అందర్నీ ఒకే గాటన కట్టేస్తాం. మా దగ్గర ఆ బలవంతం లేదు. ఎవరి స్థాయి వారిది, ఎవరి వేగం వారిది."

అంకమ్మరావు గారి మొహం వికసించింది. "బ్రహ్మాండం! పుస్తకాల్లో చదవడమే గాని, విద్యార్థి సొంత వేగంతో నేర్చుకోవడం కళ్ళారా చూడటం ఇదే మొదలు," అంటూ ఫారంలో 'అత్యుత్తమం' అని రాసుకున్నారు.

వెంకటప్పయ్య గారు చెవుల్లోంచి కండువా తీశారు. "పెళ్ళిలో మేళం వాళ్ళు కూడా ఎవరి వేగంలో వాళ్ళు వాయిస్తే, తాళి ఎప్పుడు కట్టాలండీ?"

"మీరు పాత పద్ధతిలో ఆలోచిస్తున్నారు."

"నా చెవులు పాతవే. ఆ కేసెట్టు వినిపించండి. పాఠం తప్పో, పిల్లలు తప్పో తేలాలి. తేలకుండా నేను సంతకం పెట్టను."

కరెంటు లేదు కాబట్టి కాలేజీ మిషను పలకదు. దానికేం, అంకమ్మరావు గారు తన సంచిలోంచి సెల్లులతో పనిచేసే కొత్త టేపు రికార్డరు తీశారు. కళాశాలలు తిరిగేటప్పుడు వెంట తెచ్చుకుంటారట. ఆనందభైరవి కేసెట్టు వేసి మీట నొక్కారు.

సన్నటి గొంతు ఒకటి, లేతగా, హడావిడిగా పల్లవి ఎత్తుకుంది.

సుబ్బరత్నం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎవరే ఈ పిల్ల?"

"మీరేనండీ," అన్నారు జానకిరామ్ గారు, నవ్వలేక నవ్వుతూ.

"నేనా? ఏభై ఏడేళ్ళ ముసలిదాన్ని, ఆరో తరగతి పిల్లలా కీచుగా నేనెప్పుడు పాడానండీ? ఇది నా గొంతు కాదు."

జానకిరామ్ గారు కన్ను గీటారు.

"కమిటీ ముందు కన్ను కొడతారేవిటండీ, బుద్ధుందా? నాది కాదంటే కాదు. నా జన్మలో నేను అంత పై శ్రుతిలో పాడలేదు."

అంకమ్మరావు గారి పెన్ను గాల్లో ఆగింది. "అంటే, పాఠాలు చెప్పింది మీరు కాదా?"

ఇక్కడ జానకిరామ్ గారు నోరు మూసుకుని ఉంటే కథ ఇంతటితో పోయేది. మూసుకోలేదు. "ఏం లేదండీ, ఆ రోజు మేడం గారికి ఒంట్లో బాగోలేదు. వాళ్ళ మేనకోడలు వచ్చి ఈ ఒక్కటీ పాడి పెట్టింది. మంచి పిల్ల."

"నాకు మేనకోడలు ఎక్కడిదండీ? నాకు అన్నదమ్ములే లేరు!" అన్నారు సుబ్బరత్నం గారు.

అంకమ్మరావు గారు 'అత్యుత్తమం' కొట్టేశారు. దానికింద చకచకా రాయడం మొదలుపెట్టి, రాసింది రాసినట్టు పైకి చదివారు. అధ్యాపకురాలి పేరున ఎవరో అనామకురాలి గొంతు రికార్డు చేసి విద్యార్థులకు పంచినట్టు రుజువైంది. కోర్సు రద్దు చేయవలసిందిగా సిఫార్సు. ఆ గొంతు ఎవరిదో తేలేవరకు ముగ్గురి ఫలితాలూ నిలిపివేయడమైనది.

హేమ ఏడుపు మొదలుపెట్టింది. భానుచందర్ గోడమీద తాను రంగులు వేసిన సాధన మెట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. నాగవేణి ఏడవలేదు. అధ్యక్షుల వారి సంచి మీద పెట్టిన టేపు రికార్డరు వైపే తల వంచి కూర్చుంది. ఆ కేసెట్టు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

జానకిరామ్ గారు సుబ్బరత్నం గారి పక్కకి జరిగి గుసగుసలాడారు. "ఒక్క మాటండీ. నాదే అని ఒక్క మాట అనండి. నా కోసం కాదు. ఆ చేపల పిల్ల గురువారం ఇంటర్వ్యూకి వెళ్ళాలి."

సుబ్బరత్నం గారు పాట విషయంలో ఎన్నడూ అబద్ధం ఆడిన మనిషి కాదు. సభలో ఎంత పెద్దవాళ్ళు పాడినా బాగాలేకపోతే బాగాలేదని మొహం మీదే చెప్పి, సగం ఊరితో మాటలు లేకుండా చేసుకున్న మనిషి. ఆవిడ నాగవేణి వైపు చూశారు. రెండేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదు ఆ పిల్ల. వానల్లో రోడ్డు మునిగితే పడవెక్కి, లారీ పట్టుకుని వచ్చింది. నాదే అనేద్దామని నోరు తెరిచారు.

"అమ్మగారూ, మీరు అబద్ధం ఆడక్కర్లేదండి," అంది నాగవేణి తల ఎత్తకుండానే. "ఆ గొంతు మీదే."

"నా గొంతు నాకు తెలీదుటే?"

"ఒక్క నిమిషం అందరూ మాట్లాడకుండా ఉండండి. వెనకాల వినండి. గోడ గడియారం."

అందరూ చెవులు రిక్కించారు. ఫాన్లు లేవు. కింద ప్రెస్సు ఆగిపోయింది. నిశ్శబ్దంగా ఉన్న ఆ గదిలో, కేసెట్టు పాట వెనక, ఆఫీసు గది గోడ గడియారం సెకను ముల్లు టిక్కుటిక్కుమని వినిపిస్తోంది.

"ఆ గడియారం కింద కూర్చునే కదండీ అమ్మగారు పాడింది. నిమిషానికి అరవై టిక్కులుండాలి. నేను నా వాచీ చూసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై ఎనిమిది వచ్చినియ్యి. గడియారం తొందరపడదు కదండీ. కాబట్టి మిషనే తప్పండి. టిక్కులు ఎంత ఎక్కువ పడుతుంటే, అమ్మగారి గొంతు కూడా అంత పైకి పోతది."

అంకమ్మరావు గారికి ఇది రుచించలేదు. "ఇదేం పరీక్షమ్మా? ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకం కాదండి, మా అమ్మ. మేం చేపలు తూచే ముందు కాటాని తూస్తామండి. మాకు తెలిసిన రాయి ఒకటి దానిమీద పెట్టి చూస్తాం. రాయి తేడా వస్తే చేపని అనం, కాటాని అంటాం."

వెంకటప్పయ్య గారు అప్పటికే చేతిగడియారం విప్పి చేతిలో పట్టుకున్నారు. పెదవులు కదుపుతూ ఒక నిమిషం లెక్కపెట్టారు. ఇంకో నిమిషం లెక్కపెట్టారు. "అరవై ఎనిమిదే," అన్నారు. "అంటే హార్మోనియం మీద దాదాపు రెండు మెట్లు పైన. హేమా, నువ్వు పాడింది ఈ శ్రుతే. మీ ఇంట్లో మిషను కొత్తదా?"

హేమ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. భానుచందర్ తన సంగతి తానే ఒప్పుకున్నాడు. "నా వాక్‌మన్‌లో సెల్లులు అయిపోయినవండి. ఎండలో పెట్టి వాడుతున్నాను, నెల రోజుల నుంచి."

"మరి నువ్వు చరణంలో అలా నూతిలోకి దిగిపోయావేం?" అని నాగవేణిని అడిగారు విద్వాంసుడు.

"మాది పాత మిషనండి. పైగా నేను చరణంలోకి వచ్చేసరికి చుట్టూ చెరువుల మీద మోటార్లు వేస్తారండి. వోల్టేజీ పడిపోద్ది. రోజూ అక్కడే. అమ్మగారు అక్కడ అలాగే పాడారనుకున్నాను."

సమయానికి కరెంటు వచ్చింది. సుబ్బరత్నం గారే లేచి వెళ్ళి, ఆ కేసెట్టు కాలేజీ మిషనులో వేశారు. నిదానంగా, నిండుగా, గంభీరంగా ఆవిడ గొంతు వచ్చింది. వెనక గడియారం అరవై టిక్కులే కొట్టింది. నెమ్మదిగా తిరిగే మిషనులో రికార్డు చేసి, అదే మిషనులో వింటే అంతా సవ్యంగానే ఉంటుంది మరి; సరిగ్గా తిరిగే మిషనులో వేస్తేనే పాట పరిగెడుతుంది. ఆవిడ తన పాట తాను వినడం అదే మొదలు. నిలబడి పల్లవీ అనుపల్లవీ మొత్తం విన్నారు. "అనుపల్లవిలో తొందరపడ్డాను," అని మాత్రం అన్నారు.

"ఇంత లోపం ఉన్న మిషను ఎవరు కొన్నారండీ?" అని గద్దించారు అంకమ్మరావు గారు.

జానకిరామ్ గారు మిషను వెనక్కి తిప్పారు. దానికి అంటించిన కాగితం పైకి చదివారు. "దూరవిద్యా విభాగం. పరీక్షించి పంపడమైనది. సంతకం, ఆచార్య అంకమ్మరావు." ఆ ఉదయం నుంచి ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

అంకమ్మరావు గారు దగ్గరికొచ్చి తన సంతకాన్ని పరీక్షగా చూశారు. అది ఆయన సంతకమే. అలాంటి మిషన్లు అవే పెట్టెల్లో పద్నాలుగు కళాశాలలకు వెళ్ళిన సంగతి ఆయనకి గుర్తొచ్చింది. పద్నాలుగు కళాశాలల్లోనూ ఆ రెండేళ్ళూ పిల్లలు ఏ శ్రుతిలో ఏం నేర్చుకున్నారో తలుచుకునేసరికి ఆయనకి కుర్చీ అవసరమైంది. కూర్చున్నారు. రాసిన కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నారు. కొత్త ఫారం తీశారు.

"చిన్న సాంకేతిక ఇబ్బందికి పిల్లల భవిష్యత్తు పాడుచెయ్యడం భావ్యం కాదు. అందరికీ ఫస్ట్ క్లాసు. ఇక్కడే కాదు, అన్ని చోట్లా. మళ్ళీ పాడించి వాళ్ళని కష్టపెట్టనక్కర్లేదు. ఈ టిక్కుల సంగతి మాత్రం ఈ గది దాటకూడదు. ఏమంటారు?"

జానకిరామ్ గారు ఏమంటారు? పెసరట్లు తెమ్మని కేకేశారు.

"నాకొద్దండి," అంది నాగవేణి.

"పెసరట్టా అమ్మా?"

"ఫస్ట్ క్లాసండి."

అధ్యక్షుల వారికి అర్థం కాలేదు. ఇచ్చే ఫస్ట్ క్లాసు వద్దన్న విద్యార్థిని ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మీరు నన్ను వినలేదండి. ముగ్గుర్నీ కలిపి విన్నారు, ఈ పెద్దాయన అదీ చెవులు మూసుకుని విన్నారు. నేను పాడగలనో లేదో మీకు తెలీదు. ఆ మాటకొస్తే నాకూ తెలీదు. మా వీధిలో అందరూ నాకు సంగీతం రాదంటారు, విన్నారా అంటే వినలేదంటారు. మీరేమో వచ్చు అంటున్నారు, మీరూ వినలేదు. వాళ్ళకీ మీకూ తేడా ఏంటండి? కాటా ఎక్కకుండా ఇంత బరువని చెప్పే చేపని మా అమ్మ ముట్టుకోదు."

"ఏవే, గురువారం ఇంటర్వ్యూ పెట్టుకుని ఈ మొండితనం ఏవిటే?" అన్నారు సుబ్బరత్నం గారు. అన్నారు గాని, ఆవిడ గొంతులో కోపం లేదు. గర్వం ఉంది. అది దాచుకోవడం ఆవిడకి చేతకాలేదు.

వెంకటప్పయ్య గారు నాగవేణి ఎదురుగా చాప మీదికి దిగి కూర్చున్నారు. "చూడు తల్లీ. నేను విన్నానంటే దయ చూపించను. తప్పితే తప్పించేస్తాను. నీ ఉద్యోగం పోతుంది. ఆ కాగితం ఊరికే వస్తోంది, తీసుకుని వెళ్ళిపో."

నాగవేణికి భయం వేసింది. బందరు బడి, ఆఖరి వయసు, తల్లి మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. అయినా చాప మీద బాసింపట్టు వేసుకుని సర్దుకుంది.

"పోతే పోనియ్యండి. మీరు విన్నాక పోతే, ఎందుకు పోయిందో తెలుస్తది."

సుబ్బరత్నం గారు వేదికెక్కి తంబురా దండలు బరబరా లాగేశారు. చామంతులు గదంతా పడ్డాయి.

"అయ్యో, ఫోటో అండీ!" అన్నారు జానకిరామ్ గారు.

"ఆ దండలు మీ ఫోటోకి వేసుకోండి," అని, ఆవిడ తీగలు సవరించి, తన శ్రుతి కాకుండా ఆ పిల్ల గొంతుకు సరిపడే శ్రుతి పట్టి మీటారు.

నాగవేణి పాడింది. పల్లవి నిలబడింది. అనుపల్లవి బాగుందనే చెప్పాలి. చరణం మొదటి మాట దగ్గర, అలవాటు చొప్పున, కొల్లేటి మోటార్లు వేసేశారు. గొంతు కిందికి జారింది. జారుతున్నట్టు ఆమెకే తెలిసి, టక్కున ఆగింది.

"మళ్ళీ ఎత్తుకోవచ్చా అండి?"

"ఎత్తుకో," అన్నారు వెంకటప్పయ్య గారు.

ఎత్తుకుంది. ఈసారి తంబురాని విడిచిపెట్టలేదు. ఒకచోట తాళం తడబడింది, ఒకచోట ఊపిరి చాలలేదు. కాని చివరిదాకా తన కాళ్ళమీద తానే నడిచి వెళ్ళింది. విద్వాంసుడు ఒక్కసారి కూడా కండువా చెవి దగ్గరికి తీసుకుపోలేదు. అయిపోయాక జేబులోంచి పెన్ను తీసి, ఫారంలో ఆమె పేరు ఎదురుగా ఉన్న 'ఫస్ట్ క్లాసు' కొట్టేసి, ఏభై నాలుగు అని రాశారు. కింద సంతకం పెట్టారు.

"సెకండ్ క్లాసు," అన్నారు. "ఆగి మళ్ళీ ఎత్తుకున్నందుకు రెండు మార్కులు తగ్గించాను. ఆగాలని తెలిసినందుకు నాలుగు కలిపాను."

నాగవేణికి మొదట గుండె చివుక్కుమంది. ఏభై నాలుగు అంటే ఏభై నాలుగే కదా. తరువాత నవ్వొచ్చింది. ఆ తరువాత ఉదయం నుంచి రాని ఏడుపు వచ్చింది. సుబ్బరత్నం గారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆవిడ లేవదీసి, "నేనైతే ఏభై రెండే వేద్దును," అని ముక్కు చీదుకున్నారు.

"పోనీ నీది కూడా ఫస్ట్ క్లాసే ఉంచేద్దామమ్మా, ఇంకా కాగితం పంపలేదు కదా," అన్నారు అంకమ్మరావు గారు చివరిసారిగా, పెసరట్టు తుంచుతూ.

"అవసరం లేదండి," అంది నాగవేణి.

గురువారం ఇంటర్వ్యూకి, ముందురోజే చేతికందిన డిప్లొమాలతో, పన్నెండు మంది వచ్చారు. ఆ పద్నాలుగు కళాశాలల నుంచి వచ్చినవాళ్ళే అందరూ. బల్ల వెనక కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ ఎలిజబెత్ గారు డిప్లొమాలన్నీ వరసగా తిరగేసి, ఆఖరుగా వచ్చిన నాగవేణి కాగితం దగ్గర ఆగారు.

"పదకొండు మందికీ ఫస్ట్ క్లాసే. నీకొక్కదానికే సెకండ్ క్లాసు. ఎందుకమ్మా?"

"నన్ను విన్నారండి," అంది నాగవేణి.

ఎలిజబెత్ గారు కాగితాలు పక్కన పెట్టి, పన్నెండు మందినీ వరసగా పాడమన్నారు. పదకొండు ఫస్ట్ క్లాసుల్ని కాదని ఒక సెకండ్ క్లాసును ఎందుకు తీసుకోవలసి వచ్చిందో ఆ హైస్కూలు వారు పై ఆఫీసుకు మూడుసార్లు సంజాయిషీ రాసుకున్నారు.